తూటా దారిలో దృష్టిపటము

1904లో మంచూరియా మైదానములందును, పోర్టు ఆర్థరు కోటగోడల క్రిందను రష్యా జపానులు తలపడినప్పుడు ఎవరికి ఏ రేవు దక్కినదో, ఎవరి నౌకలు మునిగినవో చరిత్రపుస్తకములలో విపులముగానే వ్రాయబడి యున్నది; కాని ఆ యుద్ధమున తలకు గుండు తగిలియు చావక ఇల్లు చేరిన కొందఱు జపాను సిపాయిల మూలమున, మనుష్యుని మెదడులో చూపునకు చోటెక్కడ అను ప్రశ్నకు నమ్మదగిన సమాధానము దొరకినదను సంగతి ఆ పుస్తకములలో కానరాదు. ఆ సిపాయిల పేర్లు ఎవరికిని తెలియవు. వారి పుఱ్ఱెల కొలతలు మాత్రము నిలిచియున్నవి.

ఐరోపా పండితులు అప్పటికి నూఱేండ్లకు పైగా ఆ చోటును వెదకుచునే యుండిరి. 1776లో పార్మా నగరమున జెన్నారి యను వైద్యవిద్యార్థి గడ్డకట్టించిన మెదడును కోసి చూచుచు, వెనుకభాగపు బూడిదవన్నె పొరలో సన్నని తెల్లచార నొకదానిని కనుగొని, అది యెందులకో తెలియకయే వర్ణించి యూరకుండెను. 1855లో పావియాలో పనిజ్జా యను నాతడు చూపు మెదడు వెనుకభాగమున నున్నదని చెప్పగా వినినవారే లేకపోయిరి. లండనులో డేవిడ్ ఫెరియరు కోతులమీద ప్రయోగములు చేసి, చూపుండునది మెదడు ప్రక్కన, చెవికి పైగా వెనుకగా నున్న మడతలో ననెను. బెర్లినులో హెర్మన్ ముంక్ అదికాదు, వెనుకకొసలో ననెను. ఈ వివాదము చాలకాలము సాగి, చివరకు ముంక్ మాటయే నిలిచినది. ఫెరియరు కత్తి పైపొరతో నాగక, లోపలినుండి పోవు చూపునాడులను గూడ తెంచినదని తరువాతివారు తేల్చిరి. స్వీడను దేశస్థుడగు హెన్షెన్ చనిపోయినవారి మెదళ్ళను పరీక్షించి ఆ చోటును మఱింత కుదించి, రెండు అర్ధభాగముల లోపలి ముఖములందు వెనుకకు సాగు కల్కరైన్ అను ఒక్క గాడికి చేర్చెను గాని, మనము చదువుటకును, ముఖములు గుర్తుపట్టుటకును వాడుకొను నట్టనడిమి చూపు ఆ గాడి ముందుకొసలో నుండునని పొరబడెను.

పొరబడకయుండుటకు వలసిన సామగ్రి అప్పటికి ఆయనకు లేదు. రక్తనాళము మూసికొనిపోయినను, కంతి పెరిగినను మెదడు చెడునది అడ్డదిడ్డముగా. చెడినవారు తఱచు వృద్ధులు, ప్రశ్నలకు విసుగుకొనువారు, త్వరలోనే కాలము చేయువారు. పూర్వపు యుద్ధములలో గాయపడిన యువకులు లేకపోలేదు గాని, ఆనాటి తుపాకుల సీసపుగుండు పెద్దదియు మెత్తనిదియు నగుటచే పుఱ్ఱెను పగులగొట్టి మెదడును నుగ్గుచేసి పోయెడిది. రష్యా సైనికుల చేతనున్న 1891 నాటి మోసిన్ తుపాకి వేఱు జాతిది. దాని గుండు 7.62 మిల్లీమీటర్ల వ్యాసము గలది, గట్టి లోహపు తొడుగు గలది, మిక్కిలి వేగము గలది. అది తల కొకప్రక్క దూరి, ఋజుమార్గమున సాగి, రెండవప్రక్క వెలువడెడిది. ఆ దారిలోనున్న భాగము మాత్రము చెడి తక్కిన మెదడు మిగులుటచే, మనిషి బ్రదికి, కొన్ని మాసములకు లేచి నడచి, అడిగినదానికి బదులు చెప్పగలిగెడివాడు. చంపుటకు చేసిన వస్తువు బాగుపడినకొలది పరీక్షించుటకు మనుష్యులు మిగిలిరనుట చెప్పుటకు ఇంపైన మాట కాదు గాని, ఈ శాస్త్రము పుట్టుక యట్టిది.

తత్సుజి ఇనౌయె అప్పటికి యువకుడగు కంటివైద్యుడు. ఆయనకు ప్రభుత్వ మప్పగించిన పని శాస్త్రపరిశోధన కాదు, పింఛను లెక్క. యుద్ధమున చూపు చెడినవారికి ఎవరి కెంత భృతి ఇయ్యవలెనో నిర్ణయించుటకు, ఎవరి చూపు ఎంత పోయినదో కొలిచి చెప్పవలెను. గుమాస్తాకు చాలునంత కొలిచి ఊరకుండవచ్చును, ఇనౌయె ఊరకుండలేదు. గుండు దూరిన మచ్చను, వెలువడిన మచ్చను పుఱ్ఱెపై నిలువు, అడ్డము, లోతు అను మూడు దిక్కుల కొలతలతో గుర్తించు యంత్రము నొకదానిని తానే కల్పించి, ఒక్కొక్కని తలకు తగిలించి, ఆ రెండు మచ్చలను కలుపు సరళరేఖ మెదడులో ఏయే మడతలను ఛేదించుకొని పోయియుండునో గణించి, ఆ గణనను ఆ సిపాయి చూపులో నేర్పడిన గ్రుడ్డిమచ్చ ఆకారముతో సరిపోల్చెను. ఇట్లు 29 మందిని పరీక్షించి, తేలినదానిని 1909లో జర్మను భాషలో గ్రంథముగా వెలువరించెను. నడిమి చూపు గాడి వెనుకకొసలోనే యున్నదనియు, అంచుల చూపు ముందుకు పోయినకొలది వచ్చుననియు, కంటికి చిన్నదిగా తోచు నడిమిభాగమునకు మెదడులో మిక్కిలి విశాలమైన చోటు కేటాయింపబడి యున్నదనియు ఆయన చూపిన మూడు సంగతులును నేటికిని నిలిచియున్నవి.

చూపును కొలుచుట యనగా నేమో ఇచట చెప్పవలెను, ఏలయన తరువాతి కథకు కీలక మందే యున్నది. కొలుచు యంత్రము పెరిమీటరు. అర్ధచంద్రాకృతిగల నల్లని బద్ద. పరీక్షకు వచ్చినవాడు గడ్డమును దిమ్మెపై నానించి, ఒక కన్ను మూసికొని, తెఱచిన కంటితో బద్ద నడుమనున్న తెల్లచుక్కను రెప్పవాల్చక చూడవలెను. వైద్యుడు చిన్న తెల్లబిళ్ళను బద్ద కొసనుండి మెల్లమెల్లగా నడిమికి జరుపుకొని వచ్చును. 'కనబడినది' అను మాట వినబడగానే ఆ డిగ్రీని పటముమీద చుక్కగా పెట్టును. బద్దను కొంచెము త్రిప్పి మరల మొదలు. ఇట్లు చుట్టును తిరిగి చుక్కలను కలిపినచో, ఆ కంటికి లోకమెంత మిగిలినదో ఒక గీతగా నేర్పడును. అలసటగల పని, చూచువాని కన్ను చలించెనా లెక్క తప్పును, తల నొచ్చుచున్నవాని నడుగుట మఱియు కష్టము. అయినను చేతికి వచ్చు ఫలము అంకెలలో నుండును. అంకెలనిన పింఛను కచేరీకిని ఇష్టమే, శాస్త్రమునకును ఇష్టమే.

పది సంవత్సరములు తిరుగకముందే ఇదే పని మఱింత పెద్దయెత్తున ఫ్రాన్సు తీరమున బూలోన్ నగరపు సైనికవైద్యశాలలో జరిగినది. చేసినవాడు గోర్డన్ హోమ్స్, ఐర్లండులో పుట్టి లండనులో నాడీవైద్యుడుగా పేరొందినవాడు. 1914లో సైన్యమున చేరబోగా, దూరపుచూపు సరిగా లేదని ఆయనను త్రోసిపుచ్చిరి. మానవదృష్టి పటమును గీయబోవువాడు దృష్టిలోపముచేత తిరస్కృతుడగుట విధి చమత్కారమనవలెను. ఆయన రెడ్‌క్రాస్ వైద్యశాల ద్వారా ఫ్రాన్సు చేరెను. 1915 చివఱనుండి బ్రిటిషు సిపాయిలకు ఉక్కుటోపీలు వచ్చినవి. ఆ టోపీ పళ్ళెము బోర్లించినట్లు నడినెత్తిని కప్పును గాని, తల వెనుకకు దిగదు. కందకమున వంగి కూర్చున్నవానికి, నేలను పట్టుకొని ప్రాకుచున్నవానికి, తునకలు తగులుట కనువైన చోటు చూపుండు వెనుకభాగమే. హోమ్స్, కంటివైద్యుడగు విలియం లిస్టరుతో కలిసి, తెరపి దొరకినప్పుడెల్ల మంచములకడ కూర్చుండి చూపును కొలిచి, 1916లో మొదటి వ్యాసము ప్రకటించెను. 1918లో వ్రాసినదానితో పటము సంపూర్ణమైనది. ఆయన తరువాత ఆ విషయమును సింహావలోకనము చేసి యిచ్చిన ఉపన్యాసము, చోటును తప్పుగా చెప్పిన ఫెరియరు పేరిట నెలకొల్పినదే యగుట మఱియొక చమత్కారము.

ఆ పటమున ఒక అర్ధము రెండవదానికంటె బలమైన సాక్ష్యముపై నిలిచియున్నది. గాడి పై అంచున నేల వైపు చూపును, క్రింది అంచున ఆకాశము వైపు చూపును ఉండును. పైభాగమున దెబ్బతగిలినవారు కాళ్ళ దగ్గరిది కనబడక తడబడుచు ప్రాణముతో వైద్యశాలకు చేరిరి. క్రిందిభాగమున తగిలినవారికి దాని ప్రక్కనే యున్న పెద్ద రక్తమార్గములును, చిన్నమెదడును చెడుటచే పెక్కురు కందకములోనే పోయిరి. హోమ్స్ దీనిని గుర్తించియే వ్రాసినాడు. 1991లో హార్టన్, హోయ్ట్ అను ఇరువురు అయస్కాంతచిత్రముల సాయముతో ఆ పటమును సరిచూచినప్పుడు, దాని తీరు సరియైనదే గాని, నడిమి చూపునకు హోమ్స్ ఇచ్చినదానికంటె మిక్కిలి ఎక్కువ చోటు చెల్లవలెనని తేలినది.

ఇంతవఱకు కథ జయకథయే. కాని పెరిమీటరు అడుగునది ఒక్కటే ప్రశ్న: శూన్యమైన నల్లని ఆవరణమున ఒకే తెల్లబిళ్ళ కనబడుచున్నదా లేదా. లోక మట్టిది కాదు. వీధిలో నూఱు వస్తువులు ఒక్కసారి కంటబడును. వానిలో దేనిని పట్టుకొని దేనిని విడువవలెనో ఎవ్వరును 'ఇదిగో చూడు' అని చెప్పరు. బిళ్ళ కనబడినదని ప్రతిసారియు సరిగా చెప్పి, పటమున లోపము లేదనిపించుకొని, బయటికి రాగానే గోడకు కొట్టుకొనువాని నేమనవలెను? ఇట్టివారు హోమ్స్‌కు తగిలిరి. వారి చూపు తీక్షణముగానే యుండెను. ఎదుటనున్న వస్తువు పేరు చెప్పుదురు. పట్టుకొమ్మనిన చేయి దిక్కులేక గాలిలో తడవును. రెండు వస్తువులలో ఏది దగ్గర, ఏది దూరము చెప్పలేరు. ఒకదానిని చూచుచుండగా ప్రక్కన మఱియొకటి పెట్టినను గమనింపరు. రెండుప్రక్కలను పార్శ్వకపాలము క్రింది మెదడు చెడినందున ఇట్లగుచున్నదని ఆయన నిర్ణయించెను.

ఈ వ్యాధిని యుద్ధమునకు ముందే బుడాపెస్టులో రెజో బాలింట్ అను వైద్యుడు ఒక్క రోగిని కొన్ని సంవత్సరములు కనిపెట్టియుండి, అతడు చనిపోయిన తరువాత మెదడును గూడ పరీక్షించి, 1909లో వర్ణించియుండెను. ఇనౌయె గ్రంథము వచ్చినదియు ఆ యేడే. ఒకటి చూపునకు చోటు చూపినది, రెండవది చోటు చెడకున్నను చూపు చెడునని చూపినది. బాలింట్ రోగి సిగరెట్టు ముట్టింపబోయి కొసకు గాక నడిమికి నిప్పు పెట్టెడివాడు. మాంసము కోయబోగా కత్తి పళ్ళెము వెలుపలికి పోయెడిది. కన్నులు చెడలేదు, చేతిలో బలము తగ్గలేదు. ఒక సమయమున ఒక వస్తువునకే ఆతని మనస్సు అంటుకొని, అది పెద్దదైనను చిన్నదైనను, రెండవదానికి దారి ఇయ్యకుండెను. మన అష్టావధాని పృచ్ఛకు లెనమండుగురను ఏకకాలమున మనసులో నిలుపుకొని సభను మెప్పించుట మనము చూచినదే. సామాన్యుడు వీధి దాటునప్పుడు చేయునదియు అట్టిదే గాని, మెప్పెవ్వరును ఇయ్యరు. బాలింట్ రోగికి ద్వితీయావధానము గూడ సాధ్యము కాకపోయెను.

హోమ్స్ దృష్టికి రానిదొకటి, వచ్చినను నమ్మనిదొకటి కలదు. లండనులో జార్జి రిడాక్ అను యువవైద్యుడు, గ్రుడ్డియని పటము చెప్పు భాగమున సైనికులు నిశ్చలమైన వస్తువును కానక, కదలుచున్నదానిని మాత్రము కనిపెట్టుచున్నారని 1917లో ప్రకటించెను. చూపు ఒక్కటే, అందులో కదలికకు వేఱు దారి లేదని హోమ్స్ తోసివేసెను. ఆయన మాటకున్న బరువు చేత రిడాక్ వ్యాసము చాలకాలము మూలబడియుండెను. పటమును గీసినవానికి పటమునకు లొంగనిది ఇంపు కాకపోవుట సహజమే గాని, ఆయన ప్రతిభ నెంత గౌరవించినను, ఇచట మాత్రము ఆ గౌరవము శాస్త్రమునకు నష్టము చేసినదని నా తలంపు.

ఆ కాలముననే కొలోనులో వాల్టర్ పోపెల్‌రాయిటర్ జర్మను సిపాయిలను పరీక్షించి, బిళ్ళ నొక్కదానిని చూపినచో రెండువైపులను కనుగొనియు, రెండింటిని ఒక్కసారి చూపినచో ఒకవైపుదానిని విడిచిపెట్టువారిని కనుగొని, ఇది చూపు లోపము కాదు, అవధాన లోపమని 1917లో స్పష్టముగా వ్రాసెను. కత్తిరింపబడిన వలయమును చూపగా చూపులేని భాగమున దానిని తామే పూర్తిచేసికొని, 'నిండు వలయము' అని చెప్పువారిని గూడ ఆయన చూచెను. మరల పనిలో ప్రవేశించుటకు వీరి కేమి శక్యమో తేల్చుట ఆయన ఉద్యోగము గనుక, తెల్లబిళ్ళతో ఆగక, ఒకదానిపై నొకటి గీసిన బొమ్మలను విడదీసి చెప్పుమనెను. అనగా పింఛను కచేరి ప్రశ్నకు మాఱుగా కర్మాగారపు ప్రశ్న నడిగెను. అందుచేతనే వేఱు సమాధానము దొరకినది.

అయినను ఈ జ్ఞానము నిలువలేదు. దానికి కారణము నాకు తోచినంతవఱకు ఇది: పింఛను కోరువాడు తనకేమి పోయినదో తానే చెప్పికొనవలెను, తనకు పోయినది తెలియనివాడు కచేరి మెట్లే యెక్కడు. ఇది మిక్కిలి పాత విచిత్రము. రోమనుల కాలమున సెనెకా తన మిత్రునికి వ్రాసిన లేఖలో, తమ ఇంటనున్న ఒక స్త్రీ గ్రుడ్డిదై యుండియు ఆ సంగతి నంగీకరింపక, ఈ గది చీకటిగా నున్నది, వేఱు గదికి తీసికొనిపొమ్మని అడుగుచుండెడిదని తెలిపెను. పందొమ్మిదవ శతాబ్ది తుదిని గ్రాజ్ నగరమున గాబ్రియేల్ ఆంటన్ తమ గ్రుడ్డితనము నెఱుగని రోగుల వృత్తాంతమును, 1914లో పారిసులో బబిన్‌స్కీ పక్షవాతముతో చేయి పడియు పడినదని యొప్పుకొనని వారి వృత్తాంతమును వైద్యసభల ముందుంచిరి. మొర పెట్టినవారిని వినుటకే తీరిక చాలని యుద్ధవైద్యశాలలో, మొర పెట్టనివారిని వెదకుట ఎవరికి సాధ్యము?

మఱియొక యుద్ధము వచ్చువఱకు ఈ ప్రశ్న ఇట్లే యుండెను. 1941లో లండను వైద్యుడగు రస్సెల్ బ్రెయిన్, తమ ఇంటిలోనే దారి తప్పుచున్న రోగులను గూర్చి వ్రాసెను. వారికి ఏ గది యెచటనున్నదో బాగుగా తెలియును, జ్ఞాపకమును చక్కగా నున్నది; కాని ఎడమకు తిరుగవలసినచోట కుడికి తిరిగి వంటగదికి మాఱుగా వేఱొకచోటికి పోవుదురు. వారందఱికిని చెడినది మెదడు కుడిభాగపు వెనుకనున్న పార్శ్వము. 1944లో ఎడింబరో దగ్గర బాంగోరు వైద్యశాలలో పాటర్సన్, జాంగ్‌విల్ అనువారు ఇట్టి సైనికులను రోజులకొలది పరీక్షించి, వారు బొమ్మలు గీయుటలో, చదువుటలో, గడియారము చూచుటలో చేయు పొరపాట్లను విడివిడిగా నమోదు చేసిరి. నేడు ఏ పక్షవాతపు వార్డునకు పోయినను ఈ దృశ్యము కనబడును: పళ్ళెములో కుడిసగము తిని, ఎడమసగమును ముట్టక, ఇంకను ఆకలియని అడుగువారు, ముఖమున కుడిచెంప మాత్రము గీసికొని క్షురకర్మ ముగిసినదనువారు. పళ్ళెమును త్రిప్పి పెట్టినచో మిగిలినది తినివేయుదురు. కుడి మెదడు చెడినప్పుడే ఇది తీవ్రముగా నుండుటకు కారణము, ఎడమ మెదడు కుడివైపునకు మాత్రము కాపుండగా కుడి మెదడు ఇరువైపులకును కాపుండుటయే యని పలువురి సిద్ధాంతము.

ఆంటన్ రోగుల స్థితికి సరిగా తలక్రిందులైన వింతయు కలదు. 1973, 74 సంవత్సరములలో రెండు పరిశోధకబృందములు, చూపుభాగము చెడి ఒకవైపున నేమియు కనబడదని ప్రమాణము చేసి చెప్పువారిని, పోనీ ఊహించి చూపుమని బలవంతపెట్టిరి. మొదటి బృందపు పరీక్షలో కన్ను, రెండవదాని పరీక్షలో చేయి సరియైన చోటికే పోయినది. తాము సరిగా చూపితిమని తెలుపగా వారే నమ్మరైరి. ఈ రెండవ బృందమున ప్రముఖుడగు వైస్‌క్రాంట్జ్ దీనికి పెట్టిన పేరునకు గ్రుడ్డిచూపు అని తెలుగు చెప్పవచ్చును. ఒకచోట చూపు లేక యెఱుక కలదనుకొనుట, ఇంకొకచోట ఎఱుక లేక చూపుండుట. రిడాక్ సిపాయిలు మరల గుర్తునకు వచ్చిరి.

1978లో మిలాను నగరమున బిజియాక్, లుజాట్టి అనువారు చేసిన పరీక్షకు యంత్రమే లేదు. ఆ నగరవాసులగు ఇరువురు రోగులతో, మీరెఱిగిన కెథెడ్రల్ చౌకునందు ఒక కొసను నిలిచి, చర్చివైపు తిరిగియున్నట్లు భావించుకొని ఏమేమి కనబడునో చెప్పుమనిరి. వారు కుడివైపు భవనముల పేర్లు చెప్పిరి, ఎడమవైపు చెప్పరైరి. ఇప్పుడు చర్చి మెట్లమీద నిలిచి ఇటువైపు చూచుచున్నట్లు భావింపుమనగా, ఇంతకుముందు విడిచిన భవనములను చెప్పి, ఇంతకుముందు చెప్పినవానిని విడిచిరి. రెండు సగములును జ్ఞాపకమున నున్నవనుట స్పష్టమే; కన్ను మూసికొని చూచుకొను చౌకులో గూడ ఎడమప్రక్క లేకపోయినది. తెల్లబిళ్ళ ఎంత జరిపినను ఈ సంగతి తేలదు.

నేడు మంచముప్రక్క పరీక్షకు ఒక కాగితము, పెన్సిలు చాలును. కాగితమంతట వ్యాపించిన చిన్న గీతలన్నింటిని కొట్టివేయుమనిన, రోగి కుడివైపువి కొట్టి అయినదనును. గీతను సరిగా నడుమ గుర్తింపుమనిన గుర్తు కుడికి జరుగును. చికిత్స యింత సులభము కాదు. 1998లో లియోన్ నగరమున రొసెట్టియు సహచరులును దృశ్యమును పది డిగ్రీలు కుడికి జరుపు పట్టకపు అద్దములను రోగులకు పెట్టి, చేతితో ఎదుటి గురిని పలుమాఱులు చూపించిరి. మొదట చేయి గురి తప్పి కుడికి పోవును, పోనుపోను సరిదిద్దుకొనును. అద్దములు తీసివేయగానే ఎడమకు మొగ్గును, దానితో చూపును ఎడమకు సాగును. రెండు గంటలు గడచినను ఆ మేలు నిలిచినదని వారు చూపిరి. తరువాత వేఱువేఱు వైద్యశాలలలో జరిగిన ప్రయత్నములలో కొందఱికి గుణము కనబడినది, కొందఱికి కనబడలేదు. ఎవరికి పనిచేయును, ఎన్ని దినములు పెట్టవలెను అను వివాద మింకను సాగుచున్నది.